మాట తప్పని ఫైలు

“పిన్నిగారూ, ‘అసమర్థుని జీవయాత్ర’ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?”

ఢిల్లీ ద్వారకలో మా హాల్లో రెండు బీరువాల తెలుగు పుస్తకాలున్నాయి. చుట్టుపక్కల సెక్టార్లలోని తెలుగు కుటుంబాలు తలా నాలుగు ఇవ్వగా పోగైనవి. ఇప్పటికి ఆరువందలు దాటాయి. ఎవరు ఏది పట్టుకెళ్లారో ఒక పొడుగు రిజిస్టరులో రాసిపెట్టడం నా పని. గోపీచంద్ నవల ఎవరి దగ్గరుందన్న ప్రశ్నకు జవాబు ఆ రిజిస్టరులో ఉంది. ఏ పేజీలో ఉందో మాత్రం రిజిస్టరు చెప్పదు. చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పుకుంటూ రావాలి. అడిగినవారు అంతసేపూ గుమ్మంలో నిలబడే ఉంటారు.

అందుకని ఒక చిన్న వెబ్‌సైటు చేద్దామనుకున్నాను. ఏ పుస్తకం ఉంది, ఏది బయటికి వెళ్లింది, ఎవరింట్లో వాళ్లు కూర్చునే చూసుకోవచ్చు. పేజీలు చూడముచ్చటగా చేయడం కొన్ని వారాల్లో పట్టుబడింది. కాని ఆ పేజీలకు జ్ఞాపకం లేదు. ఈ రోజు రాసింది రేపు గుర్తుండాలంటే వెనక డేటాబేస్ ఉండాలి. అలా ఓనమాలతో మొదలుపెట్టాను.

నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఒక పనితనం దగ్గర ఆగిపోయాను. అది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రోగ్రాము. చీర కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడటం మా ఇంట్లో ఆడవాళ్లందరికీ అలవాటు. ఉప్పాడ జాందానీ గొప్పతనం తెలిసేది అక్కడే; రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌ను కూడా అలా తిప్పి చూడవచ్చు. లోపల ఏముందో, ఎందుకలా చేశారో చేసినవాళ్లే విడమరిచి రాసిపెట్టారు. అలా తిప్పి చూసినప్పుడు కనిపించిన దాన్ని సాటి పాఠకులకు చూపించాలని ఈ వ్యాసం.

రిజిస్టరును విప్పి చూస్తే

రిజిస్టరును ఉన్నదున్నట్టు కంప్యూటరులోకి ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోదని మొదటి రోజే తెలిసింది. ఒకే రచయిత ఒకచోట రావిశాస్త్రి, ఇంకోచోట రాచకొండ విశ్వనాథశాస్త్రి, మరోచోట రా.వి. శాస్త్రి. చదివే మనిషికి ఈ ముగ్గురూ ఒక్కరే. కంప్యూటరుకు ముగ్గురూ ముగ్గురే. అందుకని రచయితలకు వేరే పట్టిక వేయాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క నంబరు ఇవ్వాలి. పుస్తకం వరుసలో పేరు బదులు ఆ నంబరు ఉంచాలి. అప్పుడు ఏ పేరైనా ఒక్కచోటే రాసి ఉంటుంది. దిద్దాలన్నా ఒక్కచోటే దిద్దితే చాలు.

నంబరెందుకు, పేరే ఉంచకూడదా అంటే, ద్వారకలో ఉన్నవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ ప్రాంతం పాత పేరు పప్పన్‌కలాన్. సెక్టార్ 3లో ఉన్న నేతాజీ సుభాస్ ఇంజనీరింగ్ కళాశాల 2018లో విశ్వవిద్యాలయమై పేరు మార్చుకుంది. పేర్లు మారుతూ ఉంటాయి. ఏది మారకుండా నిలుస్తుందో దాన్నే గుర్తుగా పట్టుకోవాలి. డేటాబేస్ భాషలో దాన్ని ప్రైమరీ కీ అంటారు. ఇంకో సంగతి. ఇక్కడ 302 అని ఒక్కటే చెబితే ఎవరిల్లూ దొరకదు, ఎందుకంటే సొసైటీకో 302 ఉంటుంది. డెలివరీ కుర్రాడు మొదట సెక్టార్ అడుగుతాడు, తర్వాత సొసైటీ, ఆ తర్వాతే ఫ్లాటు నంబరు. మూడూ కలిస్తేనే ఒక్క ఇల్లు. కొన్ని పట్టికల్లో కీ కూడా ఇలాగే రెండు మూడు గళ్లు కలిస్తేనే ఏర్పడుతుంది.

ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల దగ్గర చిక్కొచ్చింది. ‘పాండవోద్యోగ విజయాలు’కు దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఇద్దరూ రచయితలు. ఒక పుస్తకానికి ఇద్దరు రచయితలు, ఒక రచయితకు ఎన్నో పుస్తకాలు. ఈ బంధం పుస్తకాల పట్టికలోనూ ఇమడదు, రచయితల పట్టికలోనూ ఇమడదు. రెండింటి మధ్యా మూడో పట్టిక వేయాలి. అందులో రెండే గళ్లు: పుస్తకం నంబరు, రచయిత నంబరు. జంట కవులకు రెండు వరుసలు పడతాయి, అంతే. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒకే పేరుతో రాసిన బీనాదేవి పుస్తకాలకూ ఇదే దారి. పుస్తకాలు, రచయితలు, వాళ్లను కలిపే పట్టిక, సభ్యులు, అప్పులు. ఒక్క రిజిస్టరు ఐదు పట్టికలైంది.

సమాచారాన్ని ఇలా పట్టికలుగా విడదీసి, కీలతో ముడివేయవచ్చని 1970లో ఎడ్గర్ కాడ్ అనే ఐబీఎం శాస్త్రవేత్త ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించాడు. నాలుగేళ్ల తర్వాత అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించే భాషను తయారుచేశారు. ఈనాటి ఎస్‌క్యూఎల్ అదే. దాని అందమంతా ఒక్క మాటలో చెప్పవచ్చు. మనకేం కావాలో చెబితే చాలు, ఎలా వెతకాలో చెప్పనక్కర్లేదు. “ఈ పేరుగల పుస్తకం, తిరిగి రాని అప్పు, దాన్ని తీసుకున్న సభ్యుడి పేరు” అని మూడు ముక్కల్లో అడిగితే గోపీచంద్ నవల ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది.

యుద్ధనౌక మీద పుట్టిన ఆలోచన

డేటాబేస్ అనగానే చాలామంది నేర్పేది సర్వరుతో మొదలవుతుంది. ఒక పెద్ద ప్రోగ్రామును ఎక్కించాలి. అది ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. దానికో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఒక పోర్టు నంబరు. పట్టిక ముఖం చూడకముందే కొత్తవాళ్ల ఓపిక అయిపోతుంది. ఎస్‌క్యూలైట్‌లో ఇవేవీ లేవు. డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలు. మన ప్రోగ్రాము ఆ ఫైలును నేరుగా తెరిచి చదువుతుంది, రాస్తుంది.

ఈ ఆలోచన అమెరికా నౌకాదళం కోసం చేసిన పనిలోంచి పుట్టింది. 2000లో రిచర్డ్ హిప్ అనే ప్రోగ్రామరు జనరల్ డైనమిక్స్ సంస్థ తరఫున ‘ఆస్కార్ ఆస్టిన్’ అనే డిస్ట్రాయర్ నౌకకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. నౌకకు దెబ్బ తగిలినప్పుడు ఏం చేయాలో సిబ్బందికి తోడ్పడే సాఫ్ట్‌వేర్ అది. కావలసిన సమాచారం ఒక పెద్ద డేటాబేస్ సర్వరులో ఉండేది. ఆ సర్వరు ఆగిపోతే హిప్ ప్రోగ్రాము ఎంత బాగున్నా పనిచేయదు. డేటాబేస్ అందడం లేదన్న సందేశం ఒక్కటే తెర మీద మిగులుతుంది. సాయం అవసరమైన ఘడియలోనే సాయం అందదన్నమాట. మధ్యలో సర్వరెందుకు, డిస్కు మీద ఉన్నదాన్ని నేరుగా చదివితే పోదా అన్నది హిప్‌కు తట్టిన ప్రశ్న. ఆ ఏడాది ఆగస్టులో మొదటి వెర్షను బయటికి వచ్చింది.

అది ఇప్పుడు ఎక్కడుందో చూడాలంటే సాయంత్రం బ్లూ లైన్ మెట్రో ఎక్కితే చాలు. రాజీవ్ చౌక్ నుంచి ద్వారకకు వచ్చే పెట్టెలో ఎన్ని స్మార్ట్‌ఫోన్లున్నాయో అన్నిట్లోనూ ఎస్‌క్యూలైట్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఉంది, ఐఫోనులో ఉంది, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో ఉంది. వాట్సాప్ సందేశాలు ఫోనులో నిలవ ఉండేది ఎస్‌క్యూలైట్ ఫైల్లోనే. పెట్టెలో ఉన్నవాళ్లలో దాని పేరు విన్నవాళ్లు ఒకరిద్దరుంటారేమో. రోజూ వాడుతున్నా పేరు తెలుసుకోవలసిన అవసరమే రాకపోవడం దాని పనితనానికి మొదటి సాక్ష్యం.

ఫైలు లోపల

మా పుస్తకాల ఫైలును బైట్లు చూపించే ప్రోగ్రాముతో తెరిచాను. మొట్టమొదటి పదహారు బైట్లలో, ఎవరైనా చదవగలిగే ఇంగ్లీషు అక్షరాల్లో, “ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3” అని ఉంది. చివర ఒక సున్నా. ఫైలు తానెవరో తానే చెప్పుకుంటుంది. ఆ వెంటనే ఉన్న రెండు బైట్లు ఒక్కో పేజీ కొలత ఎంతో చెబుతాయి. నా ఫైలులో అది 4096 బైట్లు. అక్కణ్ణుంచి చివరిదాకా ఫైలంతా ఆ కొలత పేజీలే, ఒక పుస్తకంలాగా.

పేజీల అమరిక కూడా మనకు తెలిసినదే. నిఘంటువులో ప్రతి పుట నెత్తిన ఆ పుటలోని మొదటి మాట, చివరి మాట అచ్చువేస్తారు. ‘కలువ’ కోసం వెతికేవాళ్లు పుటలన్నీ చదవరు. పై మాటలు చూసుకుంటూ నాలుగైదు చోట్ల తెరిచేసరికి దొరుకుతుంది. ఎస్‌క్యూలైట్‌లో పై పేజీలు కింది పేజీలకు ఇలాగే దారి చూపిస్తాయి. ఈ ఏర్పాటును బీ-ట్రీ అంటారు. 1970 ప్రాంతంలో బోయింగ్ సంస్థ పరిశోధనాలయంలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ దీన్ని కనిపెట్టారు. ఒక పేజీలో రెండువందల దారులు పడితే, మూడు మెట్లలో రెండువందలు ఇంటూ రెండువందలు ఇంటూ రెండువందలు, అంటే ఎనభై లక్షల వరుసల్లో ఏదైనా అందుతుంది.

ఇది కళ్లతో చూడాలనిపించింది. ప్రశ్న ముందు “ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్” అని చేరిస్తే, తాను ఎలా వెతకబోతోందో ఎస్‌క్యూలైట్ ముందే చెబుతుంది. పేరుతో పుస్తకాన్ని అడిగాను. “స్కాన్” అని వచ్చింది. అంటే మొదటి నుంచి చివరిదాకా అన్నీ చూస్తానని. నేను రిజిస్టరులో చేసిన పనే. పట్టిక నంబర్ల వరుసలో ఉంది కనుక, పుస్తకం పేర్ల వరుసలో ఒక సూచిక (ఇండెక్స్) కట్టి మళ్లీ అదే ప్రశ్న అడిగాను. ఈసారి “సెర్చ్” అని వచ్చి, ఏ ఇండెక్సు పట్టుకుని వెళ్తుందో దాని పేరు కూడా చెప్పింది. ప్రశ్నలో ఒక్క అక్షరం మార్చలేదు. దారి మాత్రం మారింది. కాడ్ కోరుకున్నది ఇదే.

వెబ్‌సైటులో వెతుకుడు గడి పెట్టేటప్పుడు ఇంకో మంచి ఏర్పాటు కనిపించింది. ఎవరో టైపు చేసిన మాటను తెచ్చి ఆజ్ఞలో అతికించకూడదు. గడుసువాళ్లెవరైనా అందులో ఇంకో ఆజ్ఞ రాస్తే పట్టికే పోవచ్చు. అందుకని ఆ చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి, మాటను విడిగా అందించాలి. ఎస్‌క్యూలైట్ ముందుగా ఆజ్ఞను తన సొంత చిన్న యంత్రభాషలోకి మార్చుకుంటుంది, ఆ తర్వాతే ప్రశ్నార్థకం స్థానంలోకి మాటను తీసుకుంటుంది. అప్పటికే పని నిర్ణయమైపోయింది కనుక ఆ మాట మాటగానే ఉంటుంది, ఆజ్ఞ కాలేదు. కొత్తగా వెబ్‌సైటు కట్టేవాళ్లు మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవలసిన పని ఇది.

కరెంటు పోయిన క్షణం

నన్ను కట్టిపడేసిన పనితనం దీని తర్వాతే ఉంది.

మే నెల మధ్యాహ్నం. ఒకరు పుస్తకం తిరిగిచ్చారు. అదే పుస్తకాన్ని పక్కనే ఉన్న ఇంకొకరు తీసుకున్నారు. డేటాబేస్‌లో రెండు మార్పులు జరగాలి: పాత అప్పు ముగియాలి, కొత్త అప్పు మొదలవాలి. మొదటిది రాసి రెండోది రాసేలోపు కరెంటు పోయిందనుకోండి. మా ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరుగుతాయి కాని కంప్యూటరు నడవదు. అప్పుడు ఆ పుస్తకం ఎవరి దగ్గరా లేనట్టు మిగిలిపోతుంది. పుస్తకం స్థానంలో బ్యాంకు సొమ్మును ఊహించుకుంటే విషయం ఎంత పెద్దదో తెలుస్తుంది. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. డిస్కేమో ఒకసారికి కాసిని బైట్లే రాయగలదు, ఎప్పుడైనా ఆగిపోగలదు. అలాంటి డిస్కు మీద “అంతా, లేదా ఏమీ లేదు” అన్న మాట ఎలా నిలబెట్టాలి?

ఎస్‌క్యూలైట్ చేసే పని ఇది. ఏదైనా పేజీని మార్చేముందు, ఆ పేజీలో పాతగా ఏముందో దాన్ని పక్కన ఇంకో ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలు పేరు జర్నల్. అది నిజంగా డిస్కు మీదికి చేరిందని రూఢి చేసుకునేదాకా అసలు ఫైలు జోలికి వెళ్లదు. తర్వాత అసలు ఫైలులో కొత్తది రాస్తుంది. అదీ చేరిందని రూఢి చేసుకుంటుంది. చివరగా జర్నల్‌ను తీసేస్తుంది. ఆ తీసేసిన క్షణమే పని పూర్తయిన క్షణం. అంతకు ముందు ఎప్పుడు కరెంటు పోయినా జర్నల్ అక్కడే ఉంటుంది. మళ్లీ ఫైలు తెరిచినప్పుడు ఎస్‌క్యూలైట్ దాన్ని చూసి, పాత పేజీలను వాటి వాటి చోట్లకు తిరిగి చేరుస్తుంది. ఏమీ జరగనట్టే ఉంటుంది. తీసేసిన తర్వాత కరెంటు పోతే కొత్తది స్థిరంగా ఉంటుంది. మధ్యస్థితి అంటూ ఏదీ లేదు.

మరి జర్నల్ రాస్తూండగానే కరెంటు పోతే? చీరను వెనక్కి తిప్పి చూసేవాళ్లు అడిగే ప్రశ్న ఇది. దానికీ జవాబుంది. జర్నల్ మొదట్లో “ఇందులో ఎన్ని పేజీలున్నాయి” అని ఒక అంకె ఉంటుంది. మొదట అక్కడ సున్నా రాస్తుంది. పేజీలన్నీ డిస్కుకు చేరాయని రూఢి అయ్యాకే సున్నాను దిద్ది అసలు అంకె వేస్తుంది; మళ్లీ ఒకసారి డిస్కుకు చేరిందో లేదో చూసుకుంటుంది. కరెంటు అంతకుముందే పోతే అంకె సున్నాగానే ఉంటుంది, అంటే వెనక్కి పెట్టవలసిందేమీ లేదు. అప్పటికింకా అసలు ఫైలును తాకలేదు కనుక అది సరైన జవాబే. దీనికి తోడు జర్నల్‌లోని ప్రతి పేజీ పక్కనా సరిచూసుకునే మొత్తం ఒకటి రాసి ఉంటుంది.

ఇది చదివి ఊరుకోలేకపోయాను. ఒక పక్క ఫోల్డరు తెరిచి ఉంచాను. ఇంకో పక్క, పని మొదలైందని చెప్పే “బిగిన్” ఆజ్ఞ టైపు చేసి, ఒక అప్పును మార్చాను. ఫోల్డరులో మా ఫైలు పక్కనే, అదే పేరుకు చివర జర్నల్ అన్న మాటతో ఇంకో చిన్న ఫైలు ప్రత్యక్షమైంది. పని ముగించమని చెప్పే “కమిట్” ఆజ్ఞ ఇచ్చాను. మాయమైంది. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి కమిట్ అనకుండా ప్రోగ్రామును బలవంతంగా ఆపేశాను. తిరిగి తెరిచి చూస్తే అప్పు పాత చోటే ఉంది. ఒక్క అక్షరం చెదరలేదు. ఐదు నిమిషాల పని. డేటాబేస్ అంటే ఏమిటో ఆ ఐదు నిమిషాల్లో అర్థమైనంతగా అంతకుముందు అర్థం కాలేదు. ఇదంతా మాట నిలబెట్టుకునే ఏర్పాటు. పూర్తయిందని చెబితే పూర్తయినట్టే.

చెడగొట్టి చూసే పరీక్ష

మాట ఇవ్వడం ఒక ఎత్తు. ఆ మాట నిలుస్తుందని రుజువు చేసుకోవడం ఇంకో ఎత్తు. ఎస్‌క్యూలైట్ అసలు ప్రోగ్రాము, వ్యాఖ్యలు తీసేస్తే, సుమారు లక్షన్నర లైన్లు. దాన్ని పరీక్షించడానికి రాసినవి, 2023లో వచ్చిన 3.42 వెర్షను లెక్క ప్రకారం, తొమ్మిది కోట్ల ఇరవై లక్షల లైన్లు. అసలుకు 590 రెట్లు. విమానాల సాఫ్ట్‌వేర్‌కు అడిగే అత్యంత కఠినమైన కొలతను తీసుకుని, ప్రోగ్రాములో ప్రతి నిర్ణయం, ఆ నిర్ణయంలోని ప్రతి షరతు పరీక్షకు వచ్చేలా రాశారు.

ఆ పరీక్షలు చేసే తీరు చూస్తే చేసినవాళ్ల మనసు తెలుస్తుంది. కంప్యూటరులో మెమరీ చాలకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలి. అందుకని మొదటిసారి మెమరీ అడిగినప్పుడే లేదనిపిస్తారు. పని ఆగుతుంది, ఫైలు చెడిందా అని చూస్తారు. తర్వాత మొదటిసారి ఇచ్చి రెండోసారి లేదనిపిస్తారు. ఆ తర్వాత మూడోసారి. ఇలా పని ఏ అడ్డూ లేకుండా పూర్తయ్యేదాకా ఒక్కో మెట్టునూ విడిగా చెడగొడుతూ పోతారు. డిస్కు రాయననడానికీ ఇదే వరస. కరెంటు పోయినట్టు నటించే పరీక్షలో, ఇంకా డిస్కుకు చేరని రాతలను అటూ ఇటూ చేసి, కొన్నింటిని పాడుచేసి, ఆ తర్వాత ఫైలు తెరిచి చూస్తారు. కుండ కొనేటప్పుడు మనం ఒక్కసారి వేలితో కొట్టి చూస్తాం. వీళ్లు ప్రతి అంగుళం మీదా కొట్టి చూసి, ఆ తర్వాతే అంగట్లో పెడతారు.

తెలుగు రాసి చూస్తే

మా పుస్తకాలన్నీ తెలుగువి కనుక ఇది కూడా పరీక్షించాను. ‘తెలుగు’ అన్న మాటకు పొడవెంత అని అడిగితే ఆరు అంది. మనం చదివేది మూడక్షరాలు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి యూనికోడ్‌లో ఆరు. బైట్లలో అడిగితే పద్దెనిమిది, ఎందుకంటే ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. పుస్తకం పేరుకు ఇన్నక్షరాలు మించకూడదని నియమం పెట్టేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వరుసక్రమంలో ఇంకో సంగతి ఉంది. బడిలో నేర్చుకున్న అక్షరమాలలో ళ, ఱ చివర వస్తాయి. యూనికోడ్ పట్టికలో ర పక్కనే ఱ, ల పక్కనే ళ ఉంటాయి. ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్లను పోల్చి వరుస పెడుతుంది కనుక ‘కళ’ వచ్చి ‘కవిత’ కంటే ముందు కూర్చుంటుంది. మనకు అది నచ్చకపోతే మన క్రమాన్ని మనమే రాసి దానికి అందించవచ్చు. పట్టికలోనో ప్రశ్నలోనో ఆ క్రమం పేరు రాస్తే దాన్నే పాటిస్తుంది. తెలియని భాష విషయంలో తన ఊహ రుద్దకుండా, తెలిసినవాళ్లకు చోటు వదిలిపెట్టడం కూడా పనితనమే.

ఒప్పుకోవలసిన హద్దులు

దీనికి హద్దులూ ఉన్నాయి. ఒక ఫైలులో ఒకే సమయంలో ఒక్కరే రాయగలరు. 2010లో వచ్చిన ‘వాల్’ అనే ఇంకో రకం జర్నల్ పద్ధతితో, ఒకరు రాస్తుండగా మిగతావాళ్లు ఆగకుండా చదువుకునే వీలు కలిగింది కాని, రాసేవాళ్లు మాత్రం ఒక్కరే. వేలమంది ఒకేసారి రాసే పెద్ద వ్యాపారానికి, లేదా నాలుగైదు యంత్రాల మీద నడిచే సైటుకు పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్ లాంటి సర్వరు డేటాబేస్‌లే సరైనవి. రోజుకు పది పుస్తకాలు చేతులు మారే మా బీరువాలకు ఆ హద్దు ఎప్పటికీ తగలదు.

కొత్తవాళ్లు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. అంకెల గడిలో అక్షరాలు రాసినా ఎస్‌క్యూలైట్ మామూలుగా ఒప్పుకుంటుంది. అలా ఒప్పుకోవద్దంటే పట్టిక చివర “స్ట్రిక్ట్” అని రాయాలి. ఈ వీలు 2021లో వచ్చింది. రెండోది, లేని రచయిత నంబరును పుస్తకానికి తగిలిస్తే అడ్డుకునే కాపలా ఉంది కాని, ఫైలు తెరిచిన ప్రతిసారీ దాన్ని మనమే లేపాలి. ఎందుకిలా అంటే, ఆ కాపలా 2009లో వచ్చింది. అంతకుముందు రాసిన ప్రోగ్రాములు ఒక్కసారిగా ఆగిపోకూడదని దాన్ని నిద్రలోనే ఉంచారు. మూడోది, తొలినాళ్లలో దొర్లిన ఒక పొరపాటు వల్ల ప్రైమరీ కీ గడి కొన్ని పట్టికల్లో ఖాళీగా ఉండగలదు. దాన్ని దిద్దితే ఎవరి పాత ప్రోగ్రామైనా ఆగిపోవచ్చునని అలాగే ఉంచి, ఆ సంగతి అందరికీ తెలిసేలా రాసిపెట్టారు. తమ అందం కన్నా వాడేవాళ్ల నమ్మకం ముఖ్యమనుకున్నవాళ్లే ఇలా చేస్తారు.

ఎవరి సొత్తూ కాదు

ఇంత పనిని మోస్తున్నది ఒక చిన్న బృందం. హిప్ దీని మీద హక్కులన్నీ వదులుకుని లోకానికి ఇచ్చేశాడు. డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. ప్రోగ్రాము ఫైళ్ల మొదట్లో మామూలుగా హక్కుల హెచ్చరిక ఉంటుంది. ఇందులో ఆ స్థానంలో మూడు శుభాకాంక్షలున్నాయి: చెడుకు పోక మంచి చేయాలనీ, క్షమ పొంది ఇతరులనూ క్షమించాలనీ, ఇచ్చినదానికన్నా ఎక్కువ తీసుకోకుండా పంచుకోవాలనీ. 2050 దాకా దీన్ని కాపాడుకుంటూ వస్తామని బృందం మాట ఇచ్చింది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సమాచారాన్ని చిరకాలం దాచడానికి సిఫారసు చేసే ఫైలు రూపాల్లో దీన్నీ చేర్చింది.

మా వెబ్‌సైటు ఇప్పుడు నడుస్తోంది. డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలు. రాత్రి పడుకునేముందు దాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తాను. భద్రపరచడానికి చేసే పని అదొక్కటే. గోపీచంద్ నవల ఎవరి దగ్గరుందో అడిగినవాళ్లు ఇప్పుడు గుమ్మంలో నిలబడనక్కర్లేదు.

డేటాబేస్ నేర్చుకోవాలనుకునే పాఠకులకు ఒక్క మాట. పాఠ్యపుస్తకంలోని ఉద్యోగుల జీతాల పట్టికతో మొదలుపెట్టకండి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు చేత్తో రాస్తున్న రిజిస్టరు ఉంటుంది. పాల లెక్క కావచ్చు, గుడి చందాల పుస్తకం కావచ్చు, చీటీల నోటుబుక్కు కావచ్చు. దాన్ని తీసుకోండి. అందులో ఒకే పేరు ఎన్ని రకాలుగా రాసి ఉందో వెతకండి. ఎస్‌క్యూలైట్‌లో నాలుగు పట్టికలు వేసి అందులోకి ఎక్కించండి. తర్వాత ఒకసారి “బిగిన్” అని, ఏదో ఒకటి మార్చి, కమిట్ చేయకుండా ప్రోగ్రామును ఆపేయండి. మళ్లీ తెరిచి చూడండి. మీ లెక్క మీరు పెట్టిన చోటే ఉంటుంది.